పాత కంప్యూటర్లకు సీమ చలువ

1998 నవంబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములందు ‘కార్డ్’ అను పేర దస్తావేజుల నమోదును కంప్యూటర్లకు అప్పగించినప్పుడు, అంతవరకు లేఖరుల కలములకును నకళ్లు దించు గుమాస్తాల ఓపికకును మాత్రమే పరిచితమైన క్రయవిక్రయ వ్యవహారము ఒక్కపెట్టున గాజుతెరల మీదికి వచ్చెను. ఆ యేండ్లలోనే కర్నూలు, కడప జిల్లాల పట్టణములందు, బ్యాంకులలోను, కళాశాలలలోను, టైపు ఇన్‌స్టిట్యూట్ల సరసన వెలసిన శిక్షణశాలలలోను ఒకే రంగు పెట్టెలు బారులు తీరినవి. కొంత మట్టియు కొంత దంతమును కలిసినట్లుండు ఆ లేతవన్నె నేడు చూతమన్నను కానరాదు. మిగిలియున్న పెట్టెలన్నియు పసుపెక్కినవి. కొన్ని ముదురు తేనెరంగునకు దిగినవి. అట్టి పెట్టె నొకదానిని బల్లమీదినుండి దించి నిదానముగా పరికించిన యెడల, వెనుక అతికించిన చీటీ ఊడిపోయిన తావున నలుచదరముగా తొలినాటి వన్నె నిలిచియుండుట కనబడును. కిటికీవైపున నున్న ప్రక్క ముదురు, గోడవైపున నున్న ప్రక్క లేత. కీబోర్డునందు అక్షరముల మీటలు ఇంకను తెల్లగానే యుండగా, వాని క్రింది పొడవాటి మీట యొక్కటి పండుబారియుండును.

ఈ పసుపు దుమ్మువలన పట్టినది కాదు కనుక తుడిచినను పోదు, సబ్బునీటికిని లొంగదు. అది పదార్థముయొక్క పైపొరలోనే పుట్టిన మార్పు. దానిని దించి తొలివన్నెను మరల రప్పించు విద్య యొకటి పదునైదేండ్లకు పైగా లోకమున వ్యాపించియున్నది. పాతయంత్రములయందు ప్రీతిగల యువకులు దానిని కేవలము నూతనమైన రసాయనకౌశలముగా నెంచుచున్నారు. కాని పసుపుబారిన వస్తువునకు నీటిని, ఎండను, మందును కూర్చి తెలుపు తెచ్చుట పెన్నా తుంగభద్రల నడుమనున్న ఈ మెట్టసీమలో తరతరములుగా సాగిన వృత్తి. ఆ వృత్తి చరిత్రము తెలియనిదే ఈ క్రొత్తవిద్య బలమును, దాని హద్దును మనకు సరిగా బోధపడవని నా దృఢవిశ్వాసము.

కంప్యూటరునకు ఈ లేతరంగు పుట్టుకతో వచ్చినది కాదు. హైదరాబాదులో 1967లో నెలకొల్పబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో నిర్మించిన టి.డి.సి.-12 మొదలగు యంత్రములు లోహపు బీరువాలలో నుండెడివి; రంగు వానిపై పూతగా నుండినదే గాని పదార్థములో కలిసినది కాదు. 1977లో అమెరికాలో వెలువడిన ఆపిల్-2 ప్లాస్టికు కవచముతో, ఇంటిబల్లపై నొదుగు లేతమట్టి వన్నెతో వచ్చెను. పిమ్మట కార్యాలయ పరికరములు కంటికి శ్రమ కలిగింపని లేతరంగులలో నుండవలెనను నియమములు జర్మనీలో నేర్పడుటతో, ఆ విపణిని కోరిన సంస్థలును ఆ దారినే త్రొక్కినవి. 1984-85లో కేంద్రప్రభుత్వము బడిపిల్లలకు కంప్యూటరును పరిచయము చేయదలచి తెప్పించిన బి.బి.సి. మైక్రో యంత్రములును ఆ వన్నెవే.

ఆ కవచములలో పెక్కింటిని ఏ.బి.ఎస్. అను ప్లాస్టికుతో పోసిరి. అందు మూడు పాళ్లు గలవు: అక్రిలోనైట్రైలు గట్టితనమును, స్టైరీను నునుపును, బ్యూటాడయీను రబ్బరు గుణమును దానికిచ్చుచున్నవి. పెట్టె చేయిజారి క్రిందపడినను పగులకుండ కాపాడునది ఆ రబ్బరు పాలు. మొదట చెడునదియు అదియే. దాని గొలుసులో మిగిలియున్న ద్విబంధములను గాలిలోని ప్రాణవాయువు పట్టుకొనును. ఎండలోని అతినీలలోహిత కిరణములును వేడియు ఆ పనిని త్వరపరచును. అందుండి పుట్టిన క్రొత్త అణువులు నీలికాంతిని మ్రింగివేయుటచే మిగిలిన కాంతి మన కంటికి పసుపుగా తోచును. మంట అంటకుండుటకై కలిపిన బ్రోమిను సమ్మేళనములే ఇందుకు మూలమని చాలకాలము చెప్పుచు వచ్చిరి. 1963 నుండి ఈ ప్లాస్టికుతోనే తయారగుచున్న, అట్టి మందు కలుపని లెగో ఆటయిటుకలును కాలక్రమమున పసుపెక్కుచునే యున్నవి గనుక నేరమునంతయు బ్రోమినుపై మోపుట న్యాయము కాదు. పొడవాటి మీట యొక్కటియే పండుబారుటకు కారణము తరచుగా దానిని మాత్రము ఏ.బి.ఎస్.తో పోసి, తక్కిన మీటలను వేరొక ప్లాస్టికుతో పోయుటయే. వేసవిలో 40 డిగ్రీలు దాటు కర్నూలులో, పడమటి కిటికీ సరసన, చల్లనిగాలి యెరుగని గదిలో పదేండ్లు నిలిచిన పెట్టెకు వెలుతురును వేడియు కొరతపడవు.

ఇక రెండువందల యేండ్లు వెనుకకు పోదము. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసిన సీమలో కడప చేరియుండెను. కర్నూలు మాత్రము 1839 వరకు నవాబుల యేలుబడిలో నుండెను. ఏలువారెవరైనను నల్లరేగడిలో ప్రత్తి పండుచునే యుండెను, ఇండ్లలో మగ్గములు ఆడుచునే యుండెను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మాధవరము, ఆదోని, ఎమ్మిగనూరు మున్నగునవి నేతకు పేరొందిన తావులు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకారసంఘము ఆ ఖ్యాతిని మన కాలము దాక నడిపించినది. అయితే మగ్గమునుండి దిగిన బట్ట తెల్లనిది కాదు. కోరాబట్ట యనబడు దానియందు ప్రత్తిలోని మైనమును, పుట్టుకతో వచ్చిన పసుపుఛాయయు, పడుగునకు పట్టించిన గంజియు నుండును. దానిని పాలవంటి తెలుపునకు తెచ్చుట చాకలివారి పని. దానినే చలువ చేయుట యందురు. నేతగాని పేరు చరిత్రగ్రంథములలో నెక్కినంతగా ఈ చలువ చేసినవాని పేరు ఎక్కలేదు. బట్ట వెలలో సగము వానివలన వచ్చిన తెలుపునకే యని చెప్పినను నేను కాదనను.

ఆ విద్యకు ముడిసరకు చవుడు. వాన కొలదిగా కురిసి ఎండ మెండుగా కాయు ఈ సీమలో, నేలలోని లవణములు క్రిందికి కొట్టుకొనిపోక, ఆవిరియగు నీటితో పైకి ప్రాకి, వంకల ఒడ్డులందును పల్లపు చేలయందును తెల్లని పొరగా పేరుకొనుచుండును. రైతునకు ఆ నేల కంటగింపు. అందు గింజ మొలకెత్తదు. సోడాక్షారముతో నిండిన ఆ మన్నే చాకలికి సబ్బు, ఇల్లు కట్టువానికి కప్పు. సీమ పల్లెలలో దూలములపై కట్టెలో బండలో పరచి, మీద చవుటిమన్ను మెత్తి చదునుచేసిన మిద్దెలు నేటికిని కలవు. తడిసిన చవుడు ఉబ్బి తన రంధ్రములను తానే పూడ్చుకొనుటచే వాననీరు లోనికి దిగదు. పంట కక్కరకురాని మన్నును ఇంటికిని బట్టకును పనికి తెచ్చుకొన్న ఆ పూర్వుల సూక్ష్మదృష్టిని తలచినప్పుడెల్ల నాకు గౌరవము కలుగుచుండును.

చలువ జరుగు తీరును కొంత వివరముగా చెప్పవలసియున్నది. చవుటిమన్నును నీట కలిపి తేర్చి, ఆ తేటలో బట్టలను ముంచి, కొంత తడి మిగులునట్లు పిండి, పెద్ద బాన మూతిపై వానిని చుట్టలు చుట్టలుగా పేర్చి, అడుగున మంట పెట్టుదురు. ఇదియే ఉబ్బ వేయుట. బానలోని నీరు ఆవిరియై రాత్రియంతయు బట్టలగుండ పైకి పోవుచుండగా, క్షారము నూలులోనికి చొచ్చి మైనమును వదలించును. తెల్లవారిన పిదప మూటలను గాడిదలపై వేసి, కర్నూలులో హంద్రికో తుంగభద్రకో, కడపలో బుగ్గవంకకో తోలుకొనిపోయి, బండపై ఉతికి, ఇసుకమీదనో పచ్చికమీదనో పరచెదరు. చూచువారికి తోపని కిటుకు ఇచటనే కలదు: కోరాబట్టను తెల్లపరచునప్పుడు దానిని ఎండలో ఆరనీయరాదు. ఆరుచున్న కొలది మరల నీరు చిలుకరింపవలెను. తడిసిన నూలునందే ఎండయు ప్రాణవాయువును కలిసి రంగునిచ్చు అణువులను విరుచును. ఎండిపోయిన బట్టపై ఆ పని మందగించును. ఉబ్బయు ఉతుకును ఎండయు పలుమారులు తిరిగిన పిమ్మట గాని కోరా తెల్లబడదు.

ఐరోపాలోను 18వ శతాబ్ది మధ్యము దాక నడిచినది ఈ మార్గమే: బూడిదనీరు, పుల్లని మజ్జిగ, పచ్చికబయళ్లు, నెలలకొలది నిరీక్షణ. 1774లో షీలే క్లోరినును కనుగొనెను. 1785లో బెర్తొలే దానితో బట్టను తెల్లపరచెను. 1799లో టెనెంట్ దానిని సున్నముతో చేర్చి పొడిగా మార్చెను. నేడు మన ఊరి బావులలో చల్లు బ్లీచింగుపొడి అదియే. నెలల పని దినములకు దిగినది. దానితోడనే, పాళ్లు తప్పిన చోట నూలు చివికి చిరుగుటయు మొదలైనది.

ఎంత ఉతికినను నూలునందు రవంత పసుపు మిగులును. దానిని తీసివేయక కంటికి కానరాకుండ చేయు ఉపాయము నీలినీట జాడించుట. పసుపుబట్ట నీలికాంతిని మ్రింగుచున్నది గదా. నీలిమందు తక్కిన కాంతులనుకూడ కొంత మ్రింగి అన్నింటిని సమముగా తగ్గించును. వెలుగు రవంత తరిగినను రంగు మాయమగును, కన్ను దానిని తెలుపుగా గ్రహించును. ఈ నీలిమందునకు కడప జిల్లా సుప్రసిద్ధమైన స్థానము. 19వ శతాబ్దిలో మద్రాసు రాజధానినుండి లండనునకు ఎగుమతియైన నీలిలో కడప సరకునకు ప్రత్యేకమైన గుర్తింపుండెను. అచ్చటి వర్తకులు దానిని ‘కుర్పా’ యని వ్యవహరించెడివారు. 1875లో గ్రిబుల్ దొర వెలువరించిన కడప జిల్లా మాన్యువలును, 1886లో నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారు వెలువరించిన కర్నూలు జిల్లా మాన్యువలును ఆనాటి సీమ వ్యవసాయమును వర్తకమును తెలియగోరువారికి నేటికిని చదువదగినవి.

నీలి దిగు విధమును ఎన్నిమారులు తలచుకొన్నను నాకు తనివి తీరదు. కోసిన మొక్కలను మీదితొట్టిలో నానవేసిన, కొన్ని గంటలకు నీరు పులిసి పసుపుపచ్చని ఛాయ పొందును. ఆ నీటిని క్రిందితొట్టికి దించి, కూలివాండ్రు తెడ్లు పట్టి చాలసేపు బాదుదురు. బాదిన కొలది గాలి కలిసి నురుగు లేచును. పసుపుపచ్చని నీరు చూచుచుండగానే నీలమగును. అడుగునకు దిగిన మడ్డిని కాచి, గుడ్డలో వడియగట్టి, అదిమి, బిళ్లలుగా కోసి నీడలో ఆరబెట్టుదురు. ప్లాస్టికును పసుపునకు దింపునదియు, బట్టలోని పసుపును విరుచునదియు, తొట్టిలోని పసుపునీటిని నీలముగా మార్చునదియు ఒక్క ప్రాణవాయువే. అది ఏ అణువుతో కూడినదన్న దానిని బట్టియే ఫలము మారుచున్నది.

1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమనీలిని విపణిలో పెట్టెను. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందే భారతదేశపు నీలియెగుమతి కూలిపోయినది. యుద్ధకాలమున జర్మను సరకు రాక కొంత ఊపిరి తిరిగినను అది నిలువలేదు. ఇండ్లలోని నీలిమందు పొట్లములోనికి అల్ట్రామెరీను అను కృత్రిమవర్ణము వచ్చిచేరినది. తరువాత వచ్చిన టినోపాలు కంటికి కానరాని కిరణములను గ్రహించి నీలికాంతిగా వెలువరించును గనుక అది పసుపును కప్పుటకాక, లోటుపడిన కాంతినే భర్తీచేయును. గోడలకును ఇదే న్యాయము వర్తించినది: ఉగాదికి ముందు సున్నము కొట్టువారు బానెడు సున్నములో చిటికెడు నీలి కలుపుట మనమెరిగినదే.

కంప్యూటరు పెట్టెకు వాడు మందు హైడ్రోజను పెరాక్సైడు. 1818లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు తెనార్ దానిని కనుగొనెను. సీసపు తెలుపు నల్లబడిన పాతచిత్రములను బాగుచేయుట దాని తొలి ప్రయోజనములలో నొకటి. మందులదుకాణములో గాయములు కడుగుటకు ఇచ్చు నురుగుమందు ఇదియే, అది పలుచనిది. జుట్టు రంగు దించుటకు క్షౌరశాలలవారు వాడు గట్టి క్రీములో పండ్రెండు పాళ్ల వరకు నుండును. 2008లో జర్మనీలోని వుప్పర్తాలు పట్టణమున, పాత కమోడోరు కంప్యూటర్లను సేకరించి యుంచిన సంగ్రహాలయమువారు, పసుపెక్కిన భాగములను ఈ ద్రావణములో కొన్ని దినములుంచగా తెల్లబడుట గమనించిరి. దానిపై పలుదేశముల ఔత్సాహికులు మందును చిక్కపరచు పద్ధతిని కూర్చి, ఎండను తోడుచేసి, రెట్రోబ్రైట్ అను పేరు పెట్టిరి.

కడపలో ఒక యువకుడు మిద్దెమీద ఈ పని చేయుచుండగా నేను చూచితిని. అతడు ముందుగా మరలు విప్పి, లోహపు బిళ్లలను, తీగలను, కాగితపు చీటీలను వేరుచేసి, కవచమును సబ్బునీట కడిగెను. చేతులకు రబ్బరు తొడుగులును కన్నులకు అద్దములును ధరించి, బ్రష్షుతో క్రీమును ఎక్కడను పలుచపడకుండ పూసి, వంటింటిలో ఆహారముపై కప్పు పలుచని పారదర్శకపు పొరతో బిగువుగా చుట్టి, ఎండలో నుంచెను. అరగంట కొకసారి దానిని త్రిప్పుచు, పొరక్రింద బుడగ కట్టిన చోట వ్రేలితో నిమిరి మందును సరిచేయుచు, అంచులు ఆరుచున్నవేమోయని మాటిమాటికి చూచుచుండెను. మందు ఆరిన చోట చారలు పడును, ఆ చారలు మరల పోవని చెప్పెను. ఆరనీయరాదన్న చాకలివారి సూత్రము ఒక్కయక్షరము మారకుండ అచట నాకు వినబడినది. సీమ మధ్యాహ్నపు ఎండ ఈ పనికి తగదని అతని యనుభవము: మందు త్వరగా ఎండిపోవును, పలుచని మూతలు వేడికి వంగును. కావున ప్రొద్దుటియెండకే పని ముగించి, పండ్రెండు కాకమునుపే నీడకు చేర్చి, చల్లని నీట కడిగెను. పొర విప్పగా తేనెరంగు పోయి మట్టిదంతపు వన్నె వెలువడుట చూచి అతని ముఖమున వెలసిన సంతోషము నేను మరువదగినది కాదు.

అయినను ఆ వన్నె శాశ్వతము కాదు. మందు విరుచునది పైపొరలో అప్పటికి పుట్టిన రంగుటణువులనే. లోపలి రబ్బరు చెడుట ఆగదు. కొన్నియేండ్లకు, కొన్నియెడల కొన్నినెలలకే, పసుపు తిరిగివచ్చును. పలుమారులు మందు పూసిన కవచము గరుకెక్కి, పొడిరాలి, అంచులు విరుగును. మందేమియు పూయక కేవలము ఎండలో నుంచిన పెట్టెలు కొన్ని తెల్లబడినట్లును, చీకటిబీరువాలో దాచినవి పసుపెక్కినట్లును ఔత్సాహికుల ప్రయోగములు తెలుపుచున్నవి. ఎండ పసుపును పుట్టించుటయే కాదు, విరుచుటయు చేయుచున్నదని దీనివలన తేలుచున్నది. మాటిమాటికి క్లోరినుపొడి వాడి నూలును చివికించుకొన్నవారిని చూచి సంయమము నేర్చిన పాత చాకలియైనచో, ఈ పెట్టెకు ఒకసారి చలువ చాలునని, రెండవసారి ఆలోచింపుమని, మూడవసారి వలదని చెప్పియుండును. నా యభిప్రాయమును అదియే.

మందు వలదనుకొన్నవారికి రంగు పూయుట మరియొక దారి. ఏ పట్టణములోనైనను కార్లకు, స్కూటర్లకు రంగువేయు దుకాణమువారు ఈ పని చేయగలరు. ఉప్పుకాగితముతో రుద్ది, సొట్టలలో లప్పము నింపి, అడుగుపూత వేసి, పైరంగును స్ప్రేగన్నుతో కొట్టుదురు. సరియైన వన్నె కుదుర్చుట మాత్రము సులభము కాదు: తెలుపునకు రవంత పసుపుమన్నును, అంతకంటె తక్కువ నలుపును చేర్చవలెను. ఆ తెలుపునకు చిక్కదనమిచ్చు బెరైటీసు నిన్నటి కడప జిల్లాలోని మంగంపేటలో, ప్రపంచములోనే మిక్కిలి పెద్దవైన నిక్షేపములలో నొకటిగా లభించుచున్నది. అందు విశేషభాగము చమురుబావుల త్రవ్వకమునకు పోగా కొంత రంగుల పరిశ్రమకు చేరును. పసుపుమన్ను కర్నూలు ప్రాంతపు బేతంచెర్ల గనులలో దొరకును. ఇనుప ఆక్సైడుచే రంగుగలిగిన ఆ మన్ను ఎన్నియేండ్లు ఎండలో నున్నను వన్నె మారదు గనుక, అట్టి పూత వేసిన పెట్టె మరల పసుపెక్కుట కనబడదు.

అయినను పూతను నేను మనస్ఫూర్తిగా మెచ్చలేను. సున్నపుగోడకు ఏటేట పూత వేయుట దానికి మేలు. గోడ దానికొరకే కట్టబడినది. ప్లాస్టికు కవచముమీద అచ్చులోనే పడిన సన్నని గరుకుండును; పూతతో అది పూడిపోవును. ఉబ్బెత్తు అక్షరములు మొద్దుబారును. సీమ కార్యాలయములో పనిచేసిన పెట్టె యైనచో పోవునది అంతకంటె ఎక్కువ. దానిప్రక్క ఎర్రని ఎనామిలు రంగుతో ఎవరో గుమాస్తా కుంచెపట్టి వ్రాసిన జాబితాసంఖ్య యుండును. ముందుభాగమున, బొత్తాము మీదుగా, ఏటేట ఆయుధపూజనాడు పెట్టిన గంధము, కుంకుమ బొట్లు గాలిచొరబడు చీలికలలోనికి దిగి, ఎంత తుడిచినను పోని ఎర్రని మరకలుగా మిగిలియుండును. ఒక యంత్రమును మగ్గముతో, నాగలితో, త్రాసుతో సమానముగా ఆదరించి బొట్టుపెట్టిన సమాజము ఇది యని చెప్పుటకు ఆ మరకను మించిన సాక్ష్యము వేరొకటి నేనెరుగను. ఉప్పుకాగితము దానిని ఒక్క నిమిషములో తుడిచివేయును. పెరాక్సైడును దానిని వెలవెలబార్చును.

2012 మే 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు పాతయంత్రములను విధిగా పునర్వినియోగశాలలకు చేర్చవలెనని శాసించినవి. అది ప్రజారోగ్యమునకు అవసరమే. కాని ఒక్కొక్క జిల్లాలో తొలినాటి యంత్రములలో ఒక్కటియైన తూకమునకు పోకుండ నిలువవలెను. కడపలోని భగవాన్ మహావీర ప్రభుత్వ సంగ్రహాలయమున సీమ నలుమూలల శిల్పములకు నీడ దొరికినది. మన దస్తావేజులను తొలిసారి తెరపై చూపిన పెట్టెకును అట్టి నీడ దొరుకుట న్యాయమే. అట్లు ఉంచునప్పుడు బొట్టు మరకగల ముందుభాగమును ముట్టరాదు. ప్రక్కభాగములు చూడలేనంతగా పండుబారినచో ఒక్కమారు చలువ చేయవచ్చును. వేడి తగులని గదిలో, నేరుగా ఎండ పడని చోట దానిని నిలుపవలెను. చలువ చేసిన తేదీయు, వాడిన మందు పాళ్లును, ఎండలో నుంచిన కాలమును కవచము లోపలివైపున పెన్సిలుతో వ్రాసియుంచినచో, పసుపు తిరిగివచ్చిన నాడు ఆ పెట్టెను విప్పువానికి ఏమి చేయదగునో, ఏమి చేయరాదో తెలియును.